సైకిల్ సీసాలో నీళ్లు

నైఫ్, దుబాయ్
24 ఫిబ్రవరి 1984, శుక్రవారం

అక్క బాలవ్వకు తమ్ముడు రాజలింగం దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నాకు ఒంట్లో బాగుంది. నువ్వూ పిల్లలూ బాగున్నారని, మీ అత్తమ్మ ఐలవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. మొదట క్షేమం రాయాలి కనుక రాశాను. నేను బాగున్నానో లేదో ఈ ఉత్తరం చదివాక నువ్వే చెప్పాలి.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం నువ్వే చదువు. పోస్టు బంట్రోతుతోనో బడిపిల్లలతోనో చదివించుకోకు. నువ్వు అయిదో తరగతి దాకా చదివావు, నాకు ఓనమాలు దిద్దించింది నువ్వే. నీకు కష్టం కాకూడదని అక్షరాలు విడివిడిగా, పెద్దవిగా రాస్తున్నాను. ఒక్కరోజులో కాకపోతే రెండు రోజులు పట్టనీ. దీనితోపాటు అరబ్బీలో అచ్చువేసిన కాగితం ఒకటి ఉంది. పోయినసారి వకీలు పంపినదాన్ని పొయ్యిలో వేశానని రాశావు. దీన్ని మాత్రం ఉత్తరం పూర్తయ్యేదాకా దాచు.

నీ ఉత్తరం అంది ఇరవై రోజులవుతోంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. చాలా సంగతులు అడిగావు. తేలికవాటికి ముందు చెప్తాను, అక్కా. బరువైనవాటికి చెయ్యి అలవాటు పడాలి.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. మా గదిలో ఆరుగురం, వారానికొకరు వండాలి. నా వారం వచ్చిందంటే మిగతా అయిదుగురూ హోటల్‌కు పోతామని బెదిరిస్తారు. పప్పు మాడ్చడంలో నాకు మంచి పేరుంది. చైనులో పడి ఊడిన గోరు మళ్లీ మొలిచింది, కాస్త వంకరగా. అత్తమ్మకు నొప్పుల మందు డబ్బాలు రెండు, ఊరికి వస్తున్న మెట్‌పల్లి మనిషితో పంపాను.

ఇక సైకిల్ సంగతి. "అదేం సైకిల్‌రా? తాపీ పట్టె మేస్త్రీకి పందెం సైకిల్ ఎందుకు? తాగి తొక్కిండని ఊళ్లె అంటున్నరు, నేను తలెత్తుకోలేక పోతున్న" అని రాశావు. బావ తాగలేదు. ఆ రోజు బావ కడుపులో పడింది పాలు కలపని సులేమానీ చాయ్ ఒక గ్లాసు, అదీ నేను పోసిందే. ఈ మాట నీళ్ల పంపు దగ్గర చెప్పు, పంచాయితీ గద్దె దగ్గర చెప్పు. ఎంత గట్టిగా చెప్పినా తప్పులేదు.

మా దుకాణం ఎట్లా ఉంటుందో నీకు ఎప్పుడూ సరిగా రాయలేదు. ముందు భాగమంతా కూలీల సైకిళ్లు. నల్లవి, బరువైనవి, వెనక గ్యాసు బండ కట్టినా మూలగనివి. మన కోరుట్ల ఉస్తాద్ దుకాణంలో నేను ఇరవై ఏళ్లు విప్పి బిగించినలాంటివే. లోపలి గది మాత్రం వేరు. అక్కడ చల్లగాలి మిషను పెట్టారు, మనుషుల కోసం కాదు, సైకిళ్ల కోసం. ఈ దేశపు ఎండకు సన్నటి టైర్లు, జిగురు డబ్బాలు పాడవుతాయట. ఆ గదిలో ఇటలీ నుంచి, ఫ్రాన్సు నుంచి వచ్చిన పందెం సైకిళ్లు గోడకు వేలాడుతుంటాయి. ఇక్కడి అరబ్బు కుర్రవాళ్లు కొందరు, కంపెనీల్లో పనిచేసే ఇంగ్లీషు ఇంజనీర్లు కొందరు వాటికోసం వస్తారు. ఇంటి ముందు కార్లున్న మనుషులు శుక్రవారం తెల్లవారగానే చెమటోడ్చి సైకిళ్లు తొక్కుతారు. వెనక పళ్లచక్రానికి ఒక పన్ను ఎక్కువుండాలా తక్కువుండాలా అని గంటసేపు వాదించుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ వాదంలో నేనూ దూరాను.

ఆ సైకిల్‌ను రెండు వేళ్లతో ఎత్తొచ్చు. మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, బెల్లు లేదు, స్టాండు లేదు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. కాళ్లు జారకుండా పెడళ్లకు తోలు పట్టీలతో కట్టేసుకుంటారు. టైరు బొటనవేలంత లావు కూడా ఉండదు, ట్యూబును లోపల పెట్టి కుట్టేసి ఉంటుంది. మన టైరు రిమ్ము అంచుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది కదా, ఇది అట్లా కూర్చోదు. రిమ్ము మీద జిగురు పూసి అంటించాలి. జిగురు పట్టు ఒక్కటే దానికి ఆధారం. ఈ మాట గుర్తుంచుకో.

బావ ఉండేది ఊరి మధ్య సముద్రపు పాయకు, ఇక్కడ క్రీక్ అంటారు, అవతల సత్వాలో. వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. పొద్దున్నే పడవ దాటి నా దగ్గరికి వచ్చేవాడు. దుకాణం తెరిచి ఉంటే లోపలి గదిలోనే నిలబడేవాడు, ముట్టుకునేవాడు కాదు. మా ముదీర్, అంటే దుకాణం మేనేజరు, వెంకట్రావు గారు కాకినాడ మనిషి, నోటికి తాళం ఉండదు. "ఏవండీ పోశయ్యగారూ, కళ్లతోనే తొక్కేస్తన్నారేంటండీ? టైర్లరిగిపోతాయండి బాబూ!" అనేవాడు. బావ నవ్వి, "అరిగితే మా బామ్మర్ది జీతంల కోసుకోండ్రి సార్" అనేవాడు.

ఆయనకు సైకిల్ పిచ్చి ఏమిటో నీకు నేను చెప్పాలా? కోరుట్ల బస్టాండు పక్క ఖాళీ జాగాలో ఏడు రోజులు కాలు కింద పెట్టకుండా తొక్కిన మనిషి. సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే భోజనం. మైకులో పాటలు, చుట్టూ జనం. చక్రాలు చూసుకోవడానికి ఉస్తాద్ నన్ను పెట్టాడు. నువ్వు నీళ్ల చెంబు పట్టుకుని ఆయన పక్కన పరుగెత్తేదానివి. చెంబు అందుకునేటప్పుడు ఒక్క చుక్క ఒలికేది కాదు. మొదటి రోజు అందరూ చప్పట్లు కొట్టారు, మూడో రోజుకు మన నాయనకు అనుమానం వచ్చింది. ఏడో రోజు దిగీ దిగగానే కాళ్లు నిలవక కూలబడ్డాడు. కాస్త తేరుకుని నాయన దగ్గరికి వచ్చి పిల్లనడిగాడు. నాయన కోపం అణచుకోవడానికి మరో ఏడు రోజులు పట్టింది.

అందుకే ఆయనకోసం ఒక పందెం సైకిల్ నేనే కట్టాలనుకున్నాను. కొనడం మన తరం కాదు. ఒక ఇంజనీరు పడిపోయి ఫ్రేము వంగితే వదిలేసి వెళ్లాడు, దాన్ని సాపు చేశాను. చక్రాలు ఒకరివి, గేర్లు ఇంకొకరివి, సీటు ముందు కొస చిరిగింది. ఆరు నెలలు పని అయ్యాక కూర్చుని ఒక్కొక్కటి బిగించాను. ఆ ఇంజనీరే చూసి మెచ్చుకుని, "వచ్చే శుక్రవారం మేము ఖోర్ ఫక్కాన్ వైపు తొక్కుతున్నాం, మీ బావను తీసుకురా" అన్నాడు. కొండల మధ్య నుంచి సముద్రం దాకా రోడ్డు. ఆ మాట చెప్పినప్పుడు బావ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. నలభై దగ్గరపడిన మనిషి, పిల్లల తండ్రి, దుకాణం మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఫ్రేముకు నీళ్ల సీసా పెట్టుకునే కమ్మీ ఉంటుంది. దానికి ఒక సీసా నేనే కొని పెట్టాను. తొక్కుతూనే వంగి తీసుకుని తాగొచ్చు. బావ దాన్ని తీసి చూసి, పెట్టి చూసి, "అరే, గప్పుడు గిది ఉంటే మీ అక్కకు ఉరుకుడు తప్పేది గదరా" అన్నాడు. "ఉరుకుడు తప్పితే నీకు పెండ్లి తప్పేది బావా" అన్నాను. ఆ రోజు మేము నవ్విన నవ్వుకు పక్క దుకాణంవాళ్లు తొంగి చూశారు.

ఇక శవపేటిక వెంట ఎందుకు రాలేదని అడిగావు. నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వలేదని అప్పుడు రాశాను. అది అబద్ధం. కఫీల్ రెండో రోజే పాస్‌పోర్టు చేతిలో పెట్టి, టికెట్ తీస్తాను పొమ్మన్నాడు. నేనే రాలేదు. నీ ఎదుట నిలబడే ధైర్యం లేక రాలేదు. ఎందుకు లేదో చెప్పే ముందు ఆ డ్రైవరు సంగతి రాయాలి.

"ఆ ట్యాంకరోడు జైల్లనే సావాలె. నా ఇంటి దీపం ఆర్పినోన్ని నేను మాఫ్ చెయ్య. నా సంతకం అడగద్దు" అని రాశావు. నీ కోపం నాకు అర్థమవుతుంది. అతని పేరు గులాం మొహిద్దీన్. బోధన్ మనిషి, నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. అతనికీ ఊళ్లో పెండ్లాం ఉంది, పేరు మున్నీబీ. అయిదు నెలలుగా లోపల ఉన్నాడు. చనిపోయినవాడి ఇంటివాళ్లు మాఫీ రాసిస్తే తప్ప అతని దారి తేలేటట్టు లేదని అతని వకీలు చెప్పాడు. నేను అతన్ని చూడటానికి పోతున్నానని నీకు ఎప్పుడూ రాయలేదు. రొట్టెలు, బీడీలు తీసుకుని పోతాను. చంపినవాణ్ని చూడటానికి వచ్చే చచ్చినవాడి బామ్మర్ది అని అక్కడి పోలీసులు నన్ను వింతగా చూస్తారు. అతను మాత్రం నేను మంచివాణ్ననుకుంటున్నాడు.

పోయిన నెల అతను నా చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. "భాయ్, మా ఘర్ దిక్కు ఉర్దూ రాసేటోళ్లు దొరకలేదట. పక్కింటోళ్లతోని తెలుగుల రాయించింది. నాకు మాట్లాడొస్తది గాని చదవరాదు. జర చదువు" అన్నాడు. జైలు ఇనుప జాలీకి ఇటువైపు నిలబడి చదివి వినిపించాను. మున్నీబీ రాయించింది ఇది: "నువ్వు బండి కింద కోడిపిల్ల పడితె అన్నం ముట్టనోడివి. నీ తప్పు ఉంటె ఉన్నదని రాయి, ఓర్చుకుంట. లేకుంటె లేదని రాయి. నువ్వు ఏది రాస్తె అది నమ్ముత."

చదవడం అయ్యాక అతను జాలీ పట్టుకుని ముందుకు వంగాడు. "జవాబు నువ్వే రాయి భాయ్. ఖుదా కసమ్, బ్రేక్ కొట్టిన. ఆయన ముందు చక్రం టైరు ఊడి బయటికొచ్చింది, బండి ముందల పడ్డడు. నేను చూసిన. పోలీసోళ్లేమో టైరు చక్రం మీదనే ఉన్నది, నువ్వు ఝూట్ చెప్తున్నవ్ అంటరు. నాకే దిమాక్ ఖరాబైందా అనిపిస్తుంది" అన్నాడు.

నేను అక్కడే కూర్చుని, "నీ భర్త తప్పు ఏమీ లేదు" అని నా చేత్తో మున్నీబీకి రాసి పోస్టు చేశాను. నాలుగు రోజులకు నీ ఉత్తరం వచ్చింది. ముఖమైనా చూడని ఆడమనిషికి నిజం రాసి, తోడబుట్టిన అక్కకు అబద్ధం రాసినవాణ్నయ్యాను. మున్నీబీ ఉత్తరం, నీ ఉత్తరం, రెండూ ఒకే జేబులో పెట్టుకుని ఇరవై రోజులు తిరిగాను. ఇక నావల్ల కాదు.

ఇప్పుడు తలుపు దగ్గరికి వేసుకో అక్కా. ఇక్కడి నుంచి ఒంటరిగా చదువు.

పందెం సైకిల్ టైరు అంటించడానికి ఒక పద్ధతుంది. ఆ ఇంజనీరే నాకు నేర్పాడు. రిమ్ముకు ఒక పూత, టైరుకు ఒక పూత పూసి ఒక రోజు ఆరనివ్వాలి. మళ్లీ పూయాలి, లాగి ఎక్కించాలి, గాలి కొట్టి ఇంకో రోజు కదపకుండా ఉంచాలి. దాని జిగురు వేరే, ఇటలీ నుంచి వస్తుంది. వెంకట్రావు గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం చెవి తన దగ్గర ఉంచుకుంటాడు. సెప్టెంబరు నెలాఖరున ఆ శుక్రవారం దుకాణం మూసి ఉంది. వెనక వాకిట్లో కూర్చుని పని చేస్తున్నాను. చక్రాలన్నీ తయారు, టైర్లు అంటించడం ఒక్కటే మిగిలింది. వచ్చే శుక్రవారమే ఖోర్ ఫక్కాన్ సవారీ. ఆ లోపల బావ సైకిల్ ఎక్కి చూసుకోవాలంటే ఆ ఒక్కరోజే ఉంది.

తాళం చెవి అడగడానికి వెంకట్రావు గారి ఇంటికి పోవచ్చు. పోలేదు. శనివారం అంటించి పెట్టి, ముందుగా ఎక్కి చూడకపోయినా బావను అట్లాగే సవారీకి తీసుకుపోవచ్చు. అదీ చేయలేదు. నా పెట్టెలో పంక్చర్ సొల్యూషన్ డబ్బా ఉంది, మన ఊళ్లో ఇరవై ఏళ్లు వాడినలాంటిదే. దానితో నేను లారీ ట్యూబులు అతికించాను, చెప్పులు అతికించాను, నాయన గొడుగు పిడి కూడా అతికించాను. ఎక్కడా ఊడలేదు. ఈ దొరలు ఉత్తగా హంగామా చేస్తారు, మన సొల్యూషన్ పట్టకపోవడం ఏమిటి అనుకున్నాను. తెలియక చేశానని రాస్తే నీకు కాస్త ఊరటగా ఉంటుందేమో. తెలిసే చేశాను. పద్ధతి తెలుసు, జిగురు ఎక్కడుందో తెలుసు, నా పనితనం మీద నాకున్న పొగరు ఎక్కువైంది.

రెండు టైర్లూ అంటించి గాలి కొట్టి, సైకిల్‌ను గోడవారగా పెట్టాను. మధ్యాహ్నం దాటేసరికి అక్కడికి ఎండ వచ్చింది. మేము లోపల చాయ్ తాగుతూ కూర్చున్నాం. చల్లగాలి గదిలో ఎందుకు పెడతారో తెలిసిన నేనే దాన్ని ఎండలో వదిలేశాను.

ఉస్తాద్ దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది, నీకు తెలుసు. ఏ సైకిల్ అయినా బిగించినవాడే మొదట ఎక్కాలి. వీధి చివరిదాకా పోవాలి, రెండు బ్రేకులు కొట్టాలి, గట్టిగా మలుపు తిప్పాలి. పడితే వాడే పడాలి, బేరగాడు పడకూడదు. ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ పని మానలేదు. ఆ రోజు హ్యాండిల్ మీద చెయ్యి వేశాను కూడా. బావ నా చెయ్యి తీసేశాడు. "జరుగురా. ఏడు దినాలు సైకిల్ మీద బతికినోన్ని, నాకు నువ్వు తొక్కి చూపెడ్తవా?" అన్నాడు. "బావా, ఒక్క రౌండు నేను ఏసి ఇస్త" అన్నాను. "పెండ్లికొడుకు కంటె ముందు బామ్మర్ది గుర్రమెక్కుతడా?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి వదిలేశాను. కాళ్లకు తోలు పట్టీలు నేనే బిగించాను, గట్టిగా.

దుకాణం సైకిల్ ఒకటి తీసుకుని వెనక నేను పోయాను. ఆయన తొక్కుతుంటే చూడముచ్చటగా ఉంది. వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యి ఊపాడు. రోడ్లు కలిసే పెద్ద రౌండు దగ్గర మలుపు తిరుగుతూ సైకిల్‌ను పక్కకు వంచాడు, పందెంవాళ్లు వంచినట్టే. ముందు టైరు రిమ్ము మీది నుంచి జారి పక్కకు వచ్చేసింది. కాలు కింద పెట్టడానికి పట్టీలు వదలలేదు. మొహిద్దీన్ ట్యాంకరు నిండా నీళ్లతో మెల్లగానే వస్తోంది. అతను బ్రేక్ కొట్టిన చప్పుడు నేను విన్నాను. ముందు చక్రాలు తప్పించాడు, వెనకవి తప్పలేదు.

నేను సైకిల్ పారేసి ఉరికాను. మొహిద్దీన్ దిగి, తల పట్టుకుని, అంబులెన్సు కోసం అని ఎదురు దుకాణాల వైపు పరుగెత్తాడు. బావ తెలివితోనే ఉన్నాడు. ఇక నువ్వు అడిగిన ప్రశ్న. "ఆఖరుకు నోట్లె నీళ్లు పడ్డయారా? నువ్వు పోసినవు గద? అది ఒక్కటే నాకు నిమ్మలం" అని రాశావు. నా చేతులతో పోశానని, నీ పేరు తలుచుకుని కళ్లు మూశాడని నేను మొదట్లో రాసిన మాట నమ్మి నువ్వు ఇన్నాళ్లూ నిమ్మళంగా ఉన్నావు.

"లింగం, నీళ్లు" అన్నాడు, అక్కా. రెండుసార్లు అన్నాడు.

నేను ఆయన వైపు పోలేదు. నా కళ్లు చక్రం మీదే ఉన్నాయి. ఊడిన టైరు రోడ్డు మీద పడి ఉంది, రిమ్ము మీద నా సొల్యూషన్ తడితడిగా సాగి ఉంది. ఎవరైనా చూస్తే బిగించింది ఎవరు అని అడుగుతారు. జైలు, నా పాస్‌పోర్టు, నా పేరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బావ ఒక్కడు గుర్తు రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గాలి పోయి మెత్తబడ్డ ఆ టైరును రెండు చేతులతో లాగి రిమ్ము మీదికి ఎక్కించాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. రెండుసార్లు జారింది. అది సరిగ్గా కూర్చున్నాక తలెత్తి చూశాను. బావ నా వైపే చూస్తున్నాడు. నేను ఏం చేస్తున్నానో ఆయన చూశాడు. పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకునేసరికి చూపు నిలిచిపోయింది.

పోలీసులు వచ్చి, హిందీ తెలిసినవాడితో అడిగించారు. టైరు ఊడిందా అన్నారు. లేదన్నాను. సైకిల్ మంచిదేనా అన్నారు. మంచిదేనన్నాను. ఆ రెండు మాటలకు మొహిద్దీన్ అయిదు నెలలుగా లోపల ఉన్నాడు.

నిన్న వెంకట్రావు గారికి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగిపోయాడు. "ఇప్పుడెందుకయ్యా ఇదంతానూ? పోయినాయన తిరిగొత్తాడా?" అన్నాడు. "పోనోడు ఒకడు లోపలున్నడు సార్" అన్నాను. రేపు శనివారం పొద్దున ఠాణాకు పోతున్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేను ఎక్కడుంటానో తెలియదు. పంపాల్సిన డబ్బు పంపలేకపోతే పిల్లల బడి మాత్రం మాన్పించకు. వెంకట్రావు గారు చూస్తానన్నాడు. నోరు పెద్దదే గాని, మాట మీద నిలబడే మనిషి.

ఇప్పుడు ఆ అరబ్బీ కాగితం. అది నాకోసం కాదు. నన్ను మాఫ్ చెయ్యమని అడగను, అడిగే ముఖం నాకు లేదు. అది మొహిద్దీన్ కోసం. నా మాట ఒక్కటే చాలకపోవచ్చు. ఒకసారి అబద్ధం చెప్పినవాడి రెండో మాట ఎందుకు నమ్మాలి అంటారు. నీ సంతకం కూడా ఉంటే అతనికి బయటపడే దారి దొరుకుతుంది. కింద గీత ఉన్నచోట నీ పేరు రాయి, చాలు. నీ ఉసురు తగలాల్సింది ఎవరికో ఇప్పుడు నీకు తెలుసు. దాన్ని ఆ మున్నీబీ ఇంటి మీదికి పోనివ్వకు.

మరిచాను, ఇంకొకటి అడిగావు. ఆ సైకిల్‌ను ఏం చేశావు, ముక్కలు చేసి సముద్రంలో పారెయ్యి అని రాశావు. పారెయ్యలేదు. పది రోజుల తర్వాత పోలీసులు దాన్ని దుకాణానికి తిరిగిచ్చారు. నేను గోనెపట్టాలో చుట్టి నా మంచం కింద పెట్టాను. ఇన్నాళ్లూ దాని మీదే పడుకున్నాను. రేపు ఠాణాలో చూపించడానికి ఈ రోజు పొద్దున విప్పాను. ముందు చక్రానికి నేను ఎక్కించిన టైరు అట్లాగే ఉంది. ఫ్రేముకు నేను కొన్న సీసా కూడా అట్లాగే ఉంది, ఆ రోజు నేను పోసిన నీళ్లతో, మూత తియ్యకుండా. ఒక్క చుక్క ఒలకలేదు. టైరు ఎక్కిస్తున్నప్పుడు అది నా మోకాలికి తగులుతూనే ఉంది, అక్కా. నువ్వు ఏడు రోజులు ఆయన పక్కన పరుగెత్తి నీళ్లు అందించావు. నేను చెయ్యి చాపితే సరిపోయేది.

ఇట్లు,
నువ్వు ఓనమాలు దిద్దించిన నీ తమ్ముడు
రాజలింగం